మందుకీ కేన్సర్‌కీ నిజంగా అంత సంబంధం ఉందా? మొత్తం మీద 4 శాతమే అంటున్నారు కదా

ఆదివారం_డౌట్

తాగితే లివర్ పాడవుతుందని చిన్నపిల్లాడికి కూడా తెలుసు, నా డౌట్ దాని మీద కాదు. మందు వల్ల కేన్సర్ వస్తుందని, పైగా మన చేతిలో ఉన్న, ఆపగలిగే కారణాల్లో అది పెద్దదని ఈమధ్య తరచూ కనిపిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ దాన్ని పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న గ్రూప్ 1లోనే పెట్టిందట. చదివినకొద్దీ అయోమయం పెరిగింది తప్ప తగ్గలేదు.

మా మేనమామ జీవితమంతా సాయంత్రమైతే గ్లాసు పట్టుకున్న మనిషే. ఎనభై దాటాక గుండెపోటుతో పోయారు, కేన్సర్ గీన్సర్ ఏమీ లేదు. ఇంకోపక్క చుక్క ముట్టని వాళ్లకి వస్తోంది. మరి ఏ లెక్కన మందే కారణం అంటున్నారు? మొత్తం కేన్సర్లలో దీని వాటా 4 శాతమే అని కూడా చూశాను, అంటే మిగతా 96కి వేరే కారణాలు ఉన్నట్టేగా, దీని మీదే ఇంత గోల ఎందుకు? నేను వారానికి రెండు మూడు సార్లు తాగుతాను, ఎక్కువగా బీరు, అప్పుడప్పుడు విస్కీ. బీరైతే పర్లేదా, మితంగా అయితే పర్లేదా, ఇప్పుడు తగ్గిస్తే ఏమన్నా ఉపయోగం ఉందా, లేక జరగాల్సిన నష్టం జరిగిపోయిందా? నీతులు మాత్రం వద్దు, అవి ఇంట్లో ఫ్రీగా దొరుకుతున్నాయి. తెలిసినవాళ్లు సూటిగా చెప్పండి.

గ్రాఫ్_బాబాయ్

ప్రజారోగ్య లెక్కలతోనే నా ఉద్యోగం, కాబట్టి ఆ 4 శాతం సంగతి నేను చెప్తాను. ఒంట్లో ఏం జరుగుతుందో డాక్టర్లెవరైనా ఉంటే వాళ్లు చెప్తారు.

ముందు గ్రూప్ 1. మద్యం ఆ జాబితాలోకి ఎక్కింది 1988లో, అంటే ఇది నిన్న మొన్న కనిపెట్టింది కాదు. అయితే ఆ గ్రూపులో పెట్టారంటే, మనుషుల్లో కేన్సర్ తెస్తుందనడానికి సాక్ష్యం గట్టిగా దొరికిందని మాత్రమే. ప్రమాదం ఎంత పెద్దది అన్నది వేరే లెక్క. ఒకే గ్రూపులో ఉన్నాయి కదా అని ఒక పెగ్గూ ఒక సిగరెట్ పెట్టే సమానం అయిపోవు. భయపెట్టేవాళ్లూ, కొట్టిపారేసేవాళ్లూ ఇద్దరూ ఇక్కడే గందరగోళం చేస్తారు.

ఇక ఆ 4. 2020లో ప్రపంచం మొత్తం మీద కొత్తగా బయటపడ్డ కేన్సర్లలో సుమారు 7,41,000 మందు వల్ల వచ్చినవని ఐఏఆర్‌సీ పరిశోధకులు లెక్కగట్టారు, అది 2021లో అచ్చయింది. మొత్తంలో 4.1 శాతం. ఈ కేన్సర్లు ముదరడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి 2020 కేసులకి 2010 నాటి తాగుడు లెక్కలు తీసుకున్నారు. ఎవరూ తాగకపోయి ఉంటే ఆ ఏడాది అన్ని కేసులు తక్కువ వచ్చేవి, అంతే దాని సారం. ఎవరెవరివి తగ్గేవో పేర్లు రాయలేం. మీ మేనమామగారి లాంటివాళ్లు బోలెడుమంది ఉంటారు. ఆ మాటకొస్తే పొగతాగేవాళ్లలో కూడా ఎక్కువమందికి ఊపిరితిత్తుల కేన్సర్ రాదు, అయినా పొగాకుది తప్పేం లేదని ఎవరూ అనరు కదా. తాగే లక్షమందినీ తాగని లక్షమందినీ పక్కపక్కన పెట్టి చూస్తే తాగేవాళ్లలో కేసులు ఎక్కువ, ఎంత తాగితే అంత ఎక్కువ. ఒక్క మనిషిని చూసి ఇటూ చెప్పలేం, అటూ చెప్పలేం.

"మిగతా 96" అనే లెక్క కూడా కుదరదండి. ఒకే కేన్సర్ వెనక పొగా, మందూ రెండూ ఉండొచ్చు, అప్పుడు అది రెండు ఖాతాల్లోనూ పడుతుంది. కారణాలన్నీ కూడితే వంద దాటిపోవచ్చు. అదీకాక 4 అనేది అన్ని రకాల కేన్సర్లనీ, అన్ని దేశాలనీ కలిపేసిన సగటు. విడదీసి చూస్తే అసలు సంగతి కనిపిస్తుంది. అన్నవాహిక కేన్సర్లలో దాదాపు 32 శాతం, గొంతు లోపలి భాగమైన ఫారింక్స్‌లో 22 శాతం, నోటి కేన్సర్లలో 20 శాతం మందు ఖాతాలోవే. ప్రాంతాల వారీగా చూస్తే తాగుడు బాగా తక్కువ ఉన్న ఉత్తర ఆఫ్రికాలో మొత్తం కేన్సర్లలో దీని వాటా 0.3 శాతం, తూర్పు ఆసియాలో 5.7 శాతం. ఆపగలిగేదని అనడానికి ఇదే ఆధారం. వయసునీ, వంశాన్నీ మార్చలేం, తాగుడు మాత్రం ఒక్కో సమాజంలో ఒక్కోలా ఉంటుంది, దాంతోపాటే ఈ కేసులూ పెరుగుతాయి, తగ్గుతాయి.

మీకు సొంతంగా పనికొచ్చే అంకె ఇంకోటి ఉంది. అమెరికా సర్జన్ జనరల్, అంటే అక్కడి ప్రభుత్వం తరఫున ప్రజారోగ్యం గురించి మాట్లాడే పెద్ద డాక్టర్, 2025 జనవరిలో ఇచ్చిన హెచ్చరికలో వేసిన లెక్క ఇది. మందుతో ముడిపడ్డ కేన్సర్లు జీవితకాలంలో వచ్చే అవకాశం, వారానికి ఒకటి కూడా తాగని మగవాళ్లలో వందకి 10, రోజుకొక డ్రింక్ అయితే 11, రెండైతే 13. ఆడవాళ్లలో అదే వరసలో దాదాపు 17, 19, 22. అక్కడ ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్. ఒక మనిషికి ఈ తేడా చిన్నదే, కొంపలు మునగవు. కోట్లమందికి లెక్కేసినప్పుడు చిన్నది కాదు.

అన్నీ_అనుమానమే

ఒకప్పుడు రెడ్ వైన్ గుండెకి మంచిదని చెప్పింది ఈ డాక్టర్లే, ఇప్పుడు చుక్క కూడా వద్దనేదీ వాళ్లే. ఎండలోకెళ్తే కేన్సర్, కూర్చుంటే కేన్సర్, తింటే కేన్సర్. ఇంకో పదేళ్లకి మళ్లీ మాట మార్చరని గ్యారంటీ ఏంటి? తాగేవాళ్లలో కిడ్నీ కేన్సర్ తక్కువని కూడా స్టడీలు ఉన్నాయి, అవి మాత్రం ఎవరూ పైకి తియ్యరు.

ఈఎన్‌టీ_నైట్‌డ్యూటీ

అనుమానం గారూ, మాట మారింది గుండె విషయంలో. కేన్సర్ విషయంలో 1988 నుంచి ఒక్క మెట్టు కూడా వెనక్కి తగ్గలేదు, జాబితాకి కొత్తవి చేరుతూ వచ్చాయి. ఇప్పుడు ఏడు చోట్ల అని ఖాయం చేశారు: నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు-మలాశయం, ఆడవాళ్లలో రొమ్ము. గుండె కథలో ఉన్న చిక్కు ఏంటంటే, పాత స్టడీల్లో "తాగనివాళ్లు" అనే గుంపులో జబ్బు చేసి మానేసినవాళ్లని కూడా కలిపేశారు. వాళ్ల ఆరోగ్యం అప్పటికే దెబ్బతిని ఉంటుంది కాబట్టి పక్కన కొద్దిగా తాగేవాళ్లు హుషారుగా కనిపించారు. పూర్తిగా అదొక్కటే కారణం అనను, ఆ వాదన ఇంకా నడుస్తోంది. కానీ గుండెకి కాస్త మేలున్నా అది గొంతులో జరిగేదాన్ని చెరిపెయ్యదు. కిడ్నీ సంగతి నిజమే, అలాంటి ఫలితాలు ఉన్నాయి, ఎందుకో స్పష్టంగా తేలలేదు. ఒక కేన్సర్ తగ్గుతుందేమోనని ఏడు పెంచుకునే బేరం నేనైతే ఒప్పుకోను.

ఒంట్లో ఏం జరుగుతుందంటే, ఇథనాల్, అంటే మందులో ఉండే ఆల్కహాల్, ముందు అసిటాల్డిహైడ్ అనే విష పదార్థం అవుతుంది, తర్వాత ఏఎల్‌డీహెచ్2 అనే ఎంజైమ్ దాన్ని ప్రమాదం లేని అసిటేట్‌గా మారుస్తుంది. అసలు దొంగ మధ్యలో ఉన్న ఆ అసిటాల్డిహైడ్. అది నేరుగా డీఎన్ఏకి అతుక్కుంటుంది, దాన్ని రిపేర్ చేసే ప్రోటీన్ల పని కూడా చెడగొడుతుంది. ఇదంతా లివర్‌లోనే జరుగుతుందనుకుంటారు చాలామంది. నోట్లో ఉండే బ్యాక్టీరియా కూడా ఇథనాల్‌ని అసిటాల్డిహైడ్ చేస్తుంది, కాబట్టి గుటక వేసిన కొద్దిసేపటికే లాలాజలంలో అది తేలుతుంది. నోరు, గొంతు, అన్నవాహిక ఎందుకు ముందు వరసలో ఉన్నాయో ఇప్పుడు అర్థమైందా? తూర్పు ఆసియా వాళ్లలో చాలామందికి పుట్టుకతోనే ఆ ఏఎల్‌డీహెచ్2 సరిగ్గా పనిచెయ్యదు, కొద్దిగా తాగితేనే మొహం ఎర్రబడిపోతుంది. వాళ్లు అయినా సరే తాగుతూ పోతే అన్నవాహిక కేన్సర్ ముప్పు బాగా ఎక్కువ. అసలు దోషి అసిటాల్డిహైడే అనడానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

మా ఓపీలో చూసేది చెప్తాను. నాలుక పక్క అంచున, దవడ పళ్లు రాసుకునే చోట, గోరంత తెల్లమచ్చ. గాజ్ గుడ్డతో తుడిస్తే పోదు. నొప్పి ఉండదు, అందుకే నెలల తరబడి ఎవరికీ చెప్పరు. గ్లవ్ వేసుకుని వేలితో నొక్కితే కొందరిలో అడుగున గట్టిగా తగులుతుంది, అప్పుడిక బయాప్సీకి పంపకుండా ఉండలేం. హిస్టరీ అడిగితే "పొగ మానేశానండీ" అని చాలా నమ్మకంగా చెప్తారు, మందు గురించి మనమే తవ్వి అడగాలి, ఎందుకంటే దానికీ నాలుకకీ సంబంధం ఉందని వాళ్లకి తట్టదు. నోట్లో పుండుగానీ, మచ్చగానీ మూడు వారాలు దాటినా మానకపోతే చూపించుకోండి, తాగేవాళ్లైనా తాగనివాళ్లైనా.

వంకాయరంగు_చీర

రొమ్ము కేన్సర్ సంగతి అందరూ ఒక్క ముక్కలో దాటేస్తారు, ఇక్కడా అదే జరిగింది. పైన చెప్పిన 2020 లెక్కలోనే మందు వల్ల వచ్చిన రొమ్ము కేన్సర్లు దాదాపు 98,000. అన్నవాహిక, కాలేయం తర్వాత మూడో స్థానం. మందు వల్ల ఆడవాళ్లకి వచ్చిన కేన్సర్లు మొత్తం 1,72,000 చిల్లర, అంటే సగానికి పైగా రొమ్ముదే. మందు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ స్థాయిని పెంచుతుంది, అది ఒక దారి. దీనికి బాగా తాగాల్సిన పని కూడా లేదండీ. 53 స్టడీలని కలిపి 2002లో చేసిన విశ్లేషణలో, రోజుకి ప్రతి 10 గ్రాముల ఆల్కహాల్‌కీ ముప్పు 7 శాతం పెరుగుతుందని తేలింది. పది గ్రాములంటే చిన్న గ్లాసు వైన్ కూడా కాదు.

నాకు మండేది ఎక్కడంటే, మందు సీసా మీద గులాబీ రిబ్బన్ వేసి "రొమ్ము కేన్సర్ పరిశోధనకి విరాళం" అని అమ్మిన కంపెనీలు కూడా ఉన్నాయి. నా ట్రీట్‌మెంట్ అయిపోయి కొన్నేళ్లైంది. ఫలానా తిను, ఫలానా తినకు అని చెప్పినవాళ్లు లెక్కలేనంతమంది. ఆఫీసు పార్టీలో వైన్ గ్లాసు చేతిలో పెడుతూ "ఇదేం కాదులే, వైనే కదా" అన్నవాళ్లు కూడా వాళ్లే. నాకు మందు వల్లే వచ్చిందని అనను, అలా ఎవరూ చెప్పలేరని బాబాయ్ గారు రాశారు కూడా. కానీ ఇలాంటి సంబంధం ఒకటుందని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే, తాగాలో వద్దో తెలిసి నిర్ణయించుకునేదాన్ని.

కొలత_గ్లాసు

బీరా విస్కీయా అనే ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. తేడా లేదు బ్రో. లోపల ఉన్నది ఇథనాలే, రంగు మారినంత మాత్రాన వేరేది అయిపోదు. గ్రాములు ఎన్ని అన్నదే లెక్క. మిల్లీలీటర్లని సీసా మీదున్న శాతంతో గుణించి, వందతో భాగించి, వచ్చినదాన్ని 0.79తో గుణించు, అంతే. 5 శాతం బీరు 330 మిల్లీలీటర్ల టిన్ను అయితే 13 గ్రాములు, 650 సీసా అయితే 26. అదే 650లో 8 శాతం స్ట్రాంగ్ అయితే 41 గ్రాములు, అంటే 42 శాతం విస్కీ 60 మిల్లీలీటర్ల పెగ్గులు రెండు వేసినట్టే. "నేను హార్డ్ ముట్టను, బీరే" అనేవాళ్లు ఆ స్ట్రాంగ్ సీసాలు రెండు ఖాళీ చేసి లేస్తారు, అంటే నాలుగు పెగ్గులు.

ఇంకోటి, ఇంట్లో పోసుకునే పెగ్గు పెగ్గు కాదు. ఒకసారి వంటింట్లో కొలత జార్ తెచ్చి, ఎప్పటిలాగే కంటి అంచనాతో గ్లాసులో పోసుకుని, ఐస్ వెయ్యకముందే అందులోకి వంపి చూడు. వెడల్పు గ్లాసులో అడుగున కొంచెమే ఉన్నట్టు కనిపించింది నా దగ్గర 90 గీతని తాకింది. 90 అంటే 30 గ్రాములు. అలాంటివి రెండు వేస్తే 60. "రోజూ రెండే" అని ధీమాగా చెప్పే మనిషి నిజానికి ఏ గుంపులో ఉన్నాడో చూడు మరి.

గ్రాఫ్_బాబాయ్

కొలత గారు మంచి పాయింట్ పట్టుకున్నారు. ఆ 7,41,000లో దాదాపు 47 శాతం రోజుకి 60 గ్రాములు దాటి తాగేవాళ్లలో వచ్చినవి, 39 శాతం 20 నుంచి 60 మధ్య వాళ్లవి. 20 లోపు, అంటే మనం మితం అని చెప్పుకునే గుంపులో 14 శాతం, సంఖ్యలో లక్షకి పైనే. అందుకే 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం, కేన్సర్ పరంగా ఇంతవరకు ఫర్లేదు అని గీత గీసే మోతాదు ఏదీ లేదని చెప్పింది. దాన్ని మీడియా "ఒక్క చుక్క తాగినా కేన్సర్" అని వేసింది, అది వేరే గొడవ.

అన్నీ_అనుమానమే

సరే, లెక్కలు ఒప్పుకుంటా. కానీ తాగాలో వద్దో నా ఇష్టం, మధ్యలో ప్రభుత్వాలకి పనేంటి? పన్నులు పెంచడానికి ఇదొక సాకు.

గ్రాఫ్_బాబాయ్

మీ ఇష్టమే, కాదనట్లేదు. కానీ తెలిసి ఇష్టపడటం వేరు కదా. అమెరికాలో మందుకీ కేన్సర్‌కీ సంబంధం ఉందని తెలిసినవాళ్లు సగం కంటే తక్కువమందే, అదే సర్జన్ జనరల్ హెచ్చరికలో ఉంది. పొగాకు, ఊబకాయం తర్వాత అక్కడ ఆపగలిగే కేన్సర్ కారణాల్లో మూడోది మందే. సీసా మీద కేన్సర్ గురించి రాయాలని ఐర్లండ్ 2023లో నిబంధన తెచ్చింది, 2026లో అమలు కావాల్సింది, 2028కి వాయిదా వేశారు. ఒక్క లేబుల్ అంటించడానికే ఇంత తంటా అంటే ఎవరి ఒత్తిడి ఎంతుందో ఊహించుకోండి.

ధర సంగతికొస్తే, స్కాట్లండ్‌లో 2018 నుంచి ఆల్కహాల్ యూనిట్‌కి (అక్కడ యూనిట్ అంటే 8 గ్రాములు) ఇంతకంటే తక్కువకి అమ్మకూడదని కనీస ధర పెట్టారు. మందు వల్లే నేరుగా సంభవించే మరణాలు, ఆ నిబంధన లేకపోతే ఉండాల్సిన దానికంటే 13 శాతం తగ్గాయని 2023లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. అవి ఎక్కువగా లివర్ జబ్బు మరణాలు, కేన్సర్లవి కావు, ఈ తేడా చెప్పకుండా దాటెయ్యకూడదు. కేన్సర్ మీద ప్రభావం తేలాలంటే ఇంకా ఏళ్లు ఆగాలి. అయినా ధర పెరిగితే తాగుడు తగ్గుతుందా అనే సందేహం మాత్రం ఇంక అక్కర్లేదు. నా అభిప్రాయం అడిగితే పూర్తి నిషేధం కంటే ధర, ప్రకటనల మీద కట్టడి, లేబుల్, ఈ మూడే పనిచేసే దారులు.

ఆదివారం_డౌట్

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. కొలత అన్న చెప్పినట్టు లెక్కేశాను, బీర్లూ విస్కీ కలిపి వారానికి 100 గ్రాముల దగ్గర తేలింది. బాబాయ్ గారి లెక్కలో రోజుకొక డ్రింక్ అన్నమాట, వందకి 10 బదులు 11. నిజం చెప్పాలంటే కొంచెం ఊపిరి పీల్చుకున్నా. డాక్టర్ గారూ, తగ్గిస్తే ఉపయోగం ఉందా అన్నది మిగిలిపోయింది. ఇంకోటి, తాగేటప్పుడు మాత్రం రెండు మూడు సిగరెట్లు కాలుస్తాను, మామూలు రోజుల్లో అస్సలు ముట్టను. అది కూడా లెక్కలోకి వస్తుందా?

ఈఎన్‌టీ_నైట్‌డ్యూటీ

ఆ చివరి లైను మొదట్లోనే రాయాల్సిందండీ. వస్తుంది, గట్టిగా వస్తుంది. ఆ వందకి 11 అనేది సగటు మనిషి లెక్క, గ్లాసుతో పాటు సిగరెట్ ఉంటే నోటికీ గొంతుకీ ఆ అంకె వర్తించదు. ఈ రెండూ కలిస్తే ముప్పు కూడిక కాదు, గుణకారం. 1988లో వచ్చిన అమెరికన్ స్టడీలో, రోజుకి రెండు పెట్టెలు కాల్చి నాలుగు డ్రింకుల పైన తాగేవాళ్లకి నోరు, గొంతు కేన్సర్ ముప్పు, రెండూ లేనివాళ్లతో పోలిస్తే 35 రెట్లు దాటింది. మీరు అక్కడ లేరు, చాలా దూరంలో ఉన్నారు, కానీ దారి అదే. ఆల్కహాల్ నోటి లోపలి పొరని మెత్తబరచి పొగలోని విషాలు తేలిగ్గా లోపలికి దిగేలా చేస్తుంది, మీరు సరిగ్గా ఆ టైమ్‌లోనే వెలిగిస్తున్నారు. ఒక్కటే మార్చుకోగలను అంటే ముందు ఆ సిగరెట్లు తీసెయ్యండి, రెండోది గ్రాములు.

తగ్గిస్తే ఉపయోగం గురించి. 2023 చివర్లో ఐఏఆర్‌సీ దీన్ని విడిగా పరిశీలించింది. తగ్గించినా, మానేసినా నోటి, అన్నవాహిక కేన్సర్ల ముప్పు తగ్గుతుందనడానికి సాక్ష్యం చాలినంత ఉందని తేల్చింది. స్వరపేటిక, పెద్దపేగు, రొమ్ము విషయంలో కొంత సాక్ష్యమే ఉంది. ఇది నెలల్లో కనిపించే ఫలితం కాదు, ఏళ్లు పడుతుంది, ఎన్నేళ్లు మానితే అంత మేలు.

ఇది చదివేవాళ్లలో రోజూ బాగా తాగేవాళ్లు ఉంటే వాళ్లకి ఒక మాట. ఆవేశంగా రేపటి నుంచి బంద్ అని సొంతంగా ఆపెయ్యకండి. చేతులు వణకడం, చెమటలు పట్టడం, ఫిట్స్, లేనివి కనపడటం, ఒక్కోసారి ప్రాణం మీదికి కూడా వస్తుంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే కొన్ని రోజులు మందులిచ్చి జాగ్రత్తగా దింపుతారు. వారానికి వంద గ్రాముల వాళ్లకి ఆ టెన్షన్ అక్కర్లేదు, ఈ వారం నుంచే తగ్గించుకోవచ్చు.